సిగ్నల్ పోయినప్పుడు నీళ్లేం చేస్తాయి?

(ఇంజనీర్ల దినోత్సవం నాడు పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కింద జంపఖానా వేసి ఉంది. మీ అందరికీ ఈ బల్ల కనపడాలి.

బల్ల మీద ఏమున్నాయో చూడండి. కింద ఒక నీళ్ల బకెట్. పైన స్టాండు మీద ఒక ప్లాస్టిక్ డబ్బా, అది మన ఓవర్‌హెడ్ ట్యాంకు అనుకోండి. బకెట్లో చిన్న మోటారు, కూలర్లో పెట్టేది. పక్కన బూడిదరంగు పెట్టె, దానికి వేలెడంత యాంటెన్నా. నా చేతిలో ఉన్నది దాని జోడీ. ఇక్కడ మీట నొక్కితే అక్కడ మోటారు తిరుగుతుంది. మధ్యలో తీగ లేదు. మీలో చాలామంది ప్రాజెక్టు వర్కులో ఇలాంటిది చేసే ఉంటారు. కాబట్టి మీట నొక్కి చూపించడానికి నేను ఇంత దూరం రాలేదు. చివర్లో దీని యాంటెన్నా పీకేస్తాను. అప్పుడు ఏం జరుగుతుందో మీరు చూడాలి.

పదిహేనేళ్లుగా నా పని ఇదే. ఊళ్లలో మంచినీళ్ల ట్యాంకులు, పొలాల్లో బోరు మోటార్లు, పట్నంలో మురుగునీటి సంపులు, వీటిని దూరం నుంచి నడిపే పెట్టెలు బిగిస్తాను, పాడైతే బాగుచేస్తాను. ఎవరైనా కొత్తగా ఒక పెట్టె తెచ్చి ఇది చాలా బాగా పనిచేస్తుందండీ అంటే నేను అడిగేది ఒకటే. సిగ్నల్ పోతే ఇది ఏం చేస్తుంది?

ఇవాళ సెప్టెంబరు 15. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఏటా ఆయన ఫొటోకి దండ వేస్తాం, కృష్ణరాజసాగర్ గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. అంతకంటే ముందు ఆయన చేసిన ఒక పని ఉంది, మన విషయానికి అదే మొదలు. 1903లో పుణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. నీటిమట్టం హద్దు దాటితే గేట్లు వాటంతట అవే తెరుచుకుంటాయి, వరద తగ్గగానే వాటంతట అవే మూసుకుంటాయి. కరెంటు లేదు, రేడియో లేదు, అర్ధరాత్రి వానలో పరిగెత్తాల్సిన మనిషి లేడు. ఆ గేటుకి నీళ్లే కబురు, నీళ్లే బలం. తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రాలో, కృష్ణరాజసాగర్‌లో కూడా అదే పద్ధతి వాడారు. ఆ గేటుని నేను అడిగే ప్రశ్న అడిగితే దాని జవాబు చాలా చిన్నది. నాకు సిగ్నల్‌తో పనే లేదు అంటుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది. వేల ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదని అక్కడే పట్టి ఉంచండి అని ఆయన చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి మురుగు కాలువల పథకం కూడా ఆయనే వేశారు. నీళ్లు ఎక్కడ ఆపాలి, ఎటు పంపాలి అన్నది ఒకే మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆలోచించారు. ఇప్పుడు మంచినీళ్లకి, మురుగుకి ఒక శాఖ, వాననీటికి ఇంకో శాఖ. ఒకరి సెన్సరు చెప్పేది ఇంకొకరికి కనపడదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. మీలో ఎవరైనా రేపు ఆ కుర్చీల్లో కూర్చుంటే పక్క శాఖ తెర కూడా మీ గదిలో పెట్టించుకోండి.

మన ఊళ్లలో ఈ పెట్టెల కంటే ముందు ఒక మనిషి ఉండేవాడు. తెలంగాణలో నీరటి అంటారు, రాయలసీమలో నీరుగంటి అంటారు. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, మత్తడి దుంకే ముందు ఎవరికి కబురు చెప్పాలి, అన్నీ ఆయన చేతిలోనే. ప్రాజెక్టు కాల్వల మీద లష్కర్లు ఉండేవాళ్లు. వీళ్ల పని గేటు తిప్పడంతో అయిపోయేది కాదు. తిప్పాక అక్కడే నిలబడి నీళ్లు వచ్చాయా లేదా చూసేవాళ్లు. కంపో చెత్తో అడ్డం పడితే దిగి తీసేవాళ్లు. చివరి మడి తడిసిందని తెలిశాకే ఇంటికి వెళ్లేవాళ్లు. ఆ మనిషి ఉన్నచోట మనం పెట్టె పెడుతున్నాం. దానికి చెయ్యి ఇచ్చాం. కన్ను కూడా ఇచ్చామా?

నేను ఇవ్వలేదు. అది చెప్తాను.

పని మొదలుపెట్టిన మూడో ఏట ఒక ఊళ్లో మంచినీళ్ల ట్యాంకుకి పెట్టెలు బిగించాను. ట్యాంకు 40 వేల లీటర్లది, బోరు ఏడువందల మీటర్ల దూరంలో. ట్యాంకు దగ్గర ఒక పెట్టె, బోరు దగ్గర ఒక పెట్టె, రెండింట్లోనూ సిమ్ములు. ట్యాంకులో నీళ్లు తగ్గితే నీటిమీద తేలే స్విచ్చి, అదే ఫ్లోటు, కిందికి దిగుతుంది, ట్యాంకు పెట్టె "ఆన్" అని ఎస్సెమ్మెస్ పంపుతుంది, బోరు తిరుగుతుంది. నిండితే "ఆఫ్" అని పంపుతుంది, బోరు ఆగుతుంది. నాలుగు నెలలు గడియారంలా నడిచింది. ఊరంతా సంతోషం. అంతకుముందు మోటారు వేసే ముసలాయన్ని పంచాయతీ మాన్పించింది కూడా.

ఒక రాత్రి పదకొండు దాటాక "ఆన్" వెళ్లింది. పన్నెండింటికి ట్యాంకు పెట్టెలో ఉన్న సిమ్ వ్యాలిడిటీ అయిపోయింది. రీచార్జ్ చేయాలని ఎవరికీ గుర్తులేదు. ట్యాంకు నిండింది, పెట్టె "ఆఫ్" అని పంపాలని చూసింది, ఆ మాట బయటికి పోలేదు. మోటారు తెల్లారేదాకా తిరిగింది. పొద్దున ఆరింటికి సర్పంచ్ గారి ఫోను. నేను వెళ్లేసరికి ట్యాంకు పక్కనున్న ఇంటి వాకిలంతా బురద. విత్తనానికని ఆరబోసి పట్టా కప్పిన వడ్లు తడిసి ముద్దయిపోయాయి. ఆ ఇంటి ముసలమ్మ నన్ను తిట్టలేదు. గుప్పెడు వడ్లు తీసి నా చేతిలో పెట్టి, "బిడ్డా, ముసలాయన మోటర్ ఏసినన్ని దినాలు ట్యాంకి పొర్లంగ నేను సూడలే" అంది.

తడిసిన వడ్లు అరచేతిలో వెచ్చగా ఉంటాయి, మీకు తెలుసు కదా. మొలకకి సిద్ధమైపోతాయి. ఆ వెచ్చదనం నాకు ఇంకా గుర్తుంది.

చాలామంది అది సిమ్ తప్పు, నెట్‌వర్క్ తప్పు అన్నారు. కాదు. "ఆఫ్" అన్న మాట వస్తేనే ఆగేలా ఆ మోటారుని తయారుచేసింది నేను. మాట రాకపోతే ఏం చేయాలో నేను రాయలేదు. ఆ వారమే మొత్తం తిరగేశాను. ఎస్సెమ్మెస్ తీసేసి చిన్న రేడియోలు పెట్టాను. ఇప్పుడు ట్యాంకు పెట్టె రెండు నిమిషాలకోసారి "ఇంకా నిండలేదు" అని చెప్తూ ఉండాలి. ఆ మాట వరసగా మూడుసార్లు రాకపోతే బోరు తనంతట తానే ఆగిపోవాలి. దీన్ని మా వాళ్లు గుండెచప్పుడు అంటారు. చప్పుడు వినపడినంతసేపే పని. దీనిపైన ఇంకో కాపలా పెట్టాను. ఆ బోరు సెకనుకి ఐదు లీటర్లు పోస్తుంది. ఖాళీ ట్యాంకు నిండటానికి 8 వేల సెకన్లు, అంటే సుమారు రెండుంపావు గంటలు. మోటారు ఏకధాటిగా రెండున్నర గంటలు దాటి తిరిగిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఎవరేం చెప్పినా ఆగాల్సిందే. ఈ లెక్కకి నాలుగో తరగతి భాగహారం చాలు. ముందే వేసుకోకపోవడం వల్ల ఒక ఇంటి విత్తనాలు పోయాయి.

ఇక పొలం మోటార్ల సంగతి. ఇంట్లో వ్యవసాయం ఉన్నవాళ్లు చేతులెత్తండి. సగం మంది ఉన్నారు. అయితే మీ నాన్నలు, తాతలు రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి వెళ్లిన కథలు వినే ఉంటారు. త్రీఫేజ్ కరెంటు విడతలు విడతలుగా వచ్చేది, ఒక విడత అర్ధరాత్రి పడేది. గట్ల మీద పాములు, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుంటే షాకు. ఎన్ని ఇళ్లలో మనుషులు పోయారో. ఆ బాధకి మొదట దొరికిన మందు ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. రైతుకి నిద్ర దొరికింది. మడి నిండిందో లేదో మాత్రం ఆటో స్టార్టర్‌కి తెలియదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని కోరింది. కరెంటు ఎప్పుడూ ఉండి మోటారు ఎప్పుడూ తిరుగుతూ ఉంటే బోర్లలో నీళ్లు ఏమైపోవాలి?

ఫోనుతో నడిచే మొబైల్ స్టార్టర్ ఈ ఇబ్బందికి మంచి జవాబు. పుణేకి చెందిన సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు నానో గణేష్ పేరుతో ఇలాంటిది తయారుచేసి రైతుల దగ్గరికి తీసుకెళ్లారు. ఇప్పుడు మన మండల కేంద్రాల్లో మోటారు వైండింగ్ షాపుల్లోనే రకరకాలు దొరుకుతున్నాయి. లోపల విప్పి చూస్తే ఒక మోడెం, చిన్న ప్రాసెసర్, మూడు ఫేజులూ ఉన్నాయా అని చూసే సర్క్యూట్, కరెంటు కొలిచే సీటీ, రెండు రిలేలు, అంటే కరెంటుతో పడే స్విచ్చిలు ఉంటాయి. ఒక రిలే స్టార్టర్ పచ్చబటన్‌కి ప్యారలల్‌గా, ఇంకొకటి ఎర్రబటన్‌కి సిరీస్‌లో. మీరు ఇంటి నుంచి ఫోను చేసి ఒకటి నొక్కితే, పొలంలో కనపడని వేలొకటి పచ్చబటన్ నొక్కుతుంది. అంతే. చాలా చక్కటి పని.

కాస్త ఆగండి. ఫోనులో "మోటారు ఆన్ అయింది" అని వినపడుతుంది కదా. ఏం చూసి ఆ మాట అంటోంది? కొన్ని పెట్టెలు రిలేకి కరెంటు ఇచ్చాం కాబట్టి ఆన్ అయింది అంటాయి. అంటే "నేను చెప్పాను కాబట్టి అయిపోయి ఉంటుంది" అని. ఇంకాస్త మంచివి సీటీ చూసి చెప్తాయి. ఐదు హెచ్‌పీ మోటారు ఎనిమిది ఆంపియర్ల దగ్గర తీసుకోవాలి. బోరులో నీళ్లు లేకపోతే ఆంపియర్లు బాగా పడిపోతాయి, అది డ్రై రన్, వెంటనే ఆపాలి. ఒక ఫేజు పోతే మిగతా రెండింట్లో పెరుగుతాయి, ఆపకపోతే వైండింగ్ మాడిపోతుంది. అయినా ఆంపియర్లు సరిగ్గా ఉన్నాయంటే నీళ్లు మడిలోకి వస్తున్నాయని కాదు. మధ్యలో పైపు పగిలి పక్క చేనులోకి పోతూ ఉండొచ్చు. రిలే పడటం వేరు, మోటారు తిరగడం వేరు, నీళ్లు చేరాల్సినచోట చేరడం వేరు. మీ పెట్టె ఏ మెట్టు దాకా చూసి మాట్లాడుతోందో రైతుకి నిజం చెప్పండి. మొదటి మెట్టు చూసి మూడో మెట్టు గురించి చెప్పే పెట్టె అమ్మకండి.

ఎస్సెమ్మెస్ గురించి ఇంకో సంగతి. సాయంత్రం ఆరింటికి రైతు "ఆన్" అని పంపాడు. అప్పుడే టవర్ పోయింది. చూశాడు, విసుగొచ్చింది, పొలం వెళ్లి చేత్తోనే వేసుకుని, మడి తడిపి, ఆపేసి వచ్చాడు. రాత్రి రెండింటికి టవర్ వచ్చింది, సాయంత్రం పంపిన "ఆన్" అప్పుడు చేరింది. మోటారు తిరిగింది. అందుకే ప్రతి ఆజ్ఞకీ టైము ఉండాలి. ఐదు నిమిషాలు దాటిన ఆజ్ఞ చెల్లదు. పోస్టులో ఆలస్యమైన ఉత్తరాన్ని మనం తేదీ చూసుకుని చదువుతాం కదా, పెట్టెకి కూడా ఆ తెలివి ఇవ్వాలి.

రేడియో గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను, పుస్తకాల్లో మీకు ఉంటుంది కాబట్టి. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ తరంగాలని, శక్తి పరిమితి దాటకుండా, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. లోరా రేడియోలు ఈ పట్టీలోనే నడుస్తాయి. మెల్లగా, కొద్ది మాటలే పంపుతాయి, కానీ బయలు ప్రదేశంలో కొన్ని కిలోమీటర్లు పోతాయి. నీటిమట్టం చెప్పడానికి కొద్ది మాటలు చాలు. ట్యాంకు ఊళ్లో అన్నిటికంటే ఎత్తుగా ఉంటుంది, యాంటెన్నాకి అంతకంటే మంచి చోటు లేదు. మ్యాన్‌హోల్ దీనికి తలకిందులు. భూమి లోపల, పైన ఇనుప మూత. అక్కడ యాంటెన్నాని బయటికి తేవాలి.

ఫీల్డులో పెట్టెల్ని చంపేవి ఎక్కువగా చిన్నచిన్న ప్రాణులే. స్టార్టర్ బోర్డులోకి బల్లి దూరి రెండు ఫేజుల మధ్య కాలిపోతుంది. రిలే సందుల్లో చీమలు గూడు పెడతాయి. ట్యాంకు మూత కింద, శబ్దం పంపి నీళ్ల దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు పెడితే దాని ముందు సాలీడు గూడు అల్లుతుంది. శబ్దం గూటికి తగిలి వెనక్కొస్తుంది, ట్యాంకు నిండిందని సెన్సరు అనుకుంటుంది, ఊరికి నీళ్లు రావు. సెన్సరు చెడిపోలేదు, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. చెప్పేది మాత్రం అబద్ధం. నన్నడిగితే సిగ్నల్ పోవడం కంటే ఇదే ప్రమాదం.

ఎంత ప్రమాదమో అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్తాను. మిస్సోరి రాష్ట్రంలో టామ్ సాక్ అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. కొండమీద ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు వాడకం తక్కువ ఉన్నప్పుడు నీళ్లు పైకి ఎత్తిపోస్తారు, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. పై జలాశయం దగ్గర మనుషులు ఉండరు, దూరం నుంచే నడుపుతారు. నీటిమట్టం చూసే సెన్సర్లని గొట్టాల్లో పెట్టి లోపలి గోడకి బిగించారు. ఆ బిగింపులు ఊడాయి. గొట్టాలు వంగి సెన్సర్లు ఉన్నచోటు నుంచి కదిలాయి. దాంతో అవి అసలు మట్టం కంటే తక్కువ చూపించడం మొదలుపెట్టాయి. దీనికి తోడు ప్రమాదం వస్తే పంపులు ఆపడానికని నీళ్లు తగిలితే పనిచేసే కడ్డీలు విడిగా పెట్టారు. అవి ఏ ఎత్తులో ఉన్నాయో తెలుసా? కట్టమీది గోడ కొన్నిచోట్ల కుంగింది. ఆ కుంగిన చోటు కంటే కడ్డీలు పైన ఉన్నాయి. అంటే నీళ్లు కడ్డీని తాకేలోపే గోడ దాటి పొర్లుతాయి. 2005 డిసెంబరు 14 తెల్లవారుజామున అదే జరిగింది. పంపులు ఆగలేదు, నీళ్లు పొర్లాయి, కట్ట కోసుకుపోయింది. అరగంటలోపే వందకోట్ల గ్యాలన్లకి పైగా నీళ్లు కొండ దిగిపోయాయి. కింద పార్కు అధికారి ఇల్లు కొట్టుకుపోయింది. ఆయన, భార్య, ముగ్గురు పిల్లలు ప్రాణాలతో బయటపడ్డారు. చలికాలం కాబట్టి పార్కులో గుడారాలు ఖాళీగా ఉన్నాయి. అదే ఎండాకాలం సెలవుల్లో అయితే ఎంతమంది ఉండేవారో.

ఇక్కడ గమనించండి. కాపలాకి పెట్టిన కడ్డీ కూడా కాపాడలేకపోయింది. దాని ఎత్తుకీ గోడ ఎత్తుకీ టేపు పెట్టి కొలిస్తే తెలిసేది. నేను ఇప్పుడు ప్రతి ట్యాంకు దగ్గరా, ఏడాదికోసారి, నిజంగా నీళ్లు నింపి, పై ఫ్లోటు దగ్గర మోటారు ఆగేదాకా నిచ్చెన మీద నిలబడతాను. ఫ్లోటుని చేత్తో ఎత్తి "ఆగింది కదా" అనుకుని దిగితే అది పరీక్ష కిందికి రాదు.

ఇంతదాకా నిల్వ గురించి చెప్పాను. నిల్వలో నియమం ఏమిటి? మాట రాకపోతే ఆగు. ఇప్పుడు మురుగు సంపు దగ్గరికి రండి. కాలనీ మురుగంతా ఒక గుంటలోకి వస్తుంది, అక్కడి నుంచి పంపు పైకి ఎత్తి పెద్ద లైనులో పోస్తుంది. వాన పడుతోంది, సిగ్నల్ పోయింది. పంపు ఆగిపోతే? మురుగు వెనక్కి తన్ని ఇళ్ల బాత్రూముల్లోంచి పైకొస్తుంది. ఇక్కడ నియమం తలకిందులవ్వాలి. మాట రాకపోతే, సొంత ఫ్లోటుని నమ్మి తిరుగుతూనే ఉండు. ఒకే కంపెనీ పెట్టె, ఒకే రేడియో, ఒకే ప్రోగ్రాం. ప్రోగ్రాంలో ట్యాంకు దగ్గర కాపాడే వాక్యమే మురుగు దగ్గర ముంచుతుంది. ట్యాంకు ప్రోగ్రామే కాపీ చేసి సంపుకి ఎక్కించినవాళ్లని నేను చూశాను. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కారు. నీళ్లు ఎటు పోవాలనే ప్రశ్న వాళ్లని ఎవరూ అడగలేదు, అంతే.

మురుగులో ఆంపియర్ల లెక్క కూడా మోసం చేస్తుంది. ప్లాస్టిక్ కవర్లు, గుడ్డపీలికలు పంపులో నీళ్లని తోసే రెక్కల చక్రానికి, అంటే ఇంపెల్లర్‌కి చుట్టుకుంటే పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు కదలవు. అందుకే అక్కడ చూడాల్సింది మట్టం. పంపు తిరిగి పది నిమిషాలైంది, మట్టం దిగిందా? దిగకపోతే రెండో పంపు వెయ్యి, మనిషికి కబురు పంపు.

ఆ మనిషి గురించి ఒక మాట. మ్యాన్‌హోల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఎక్కువైతే వాసన కూడా తెలియదు, ముక్కు మొద్దుబారిపోతుంది. మొదట ఒకరు దిగి పడిపోతారు, కాపాడబోయి ఇంకొకరు. 2013లో చట్టం వచ్చింది, మనుషుల్ని రక్షణ లేకుండా అందులోకి దింపడం నేరం. అయినా చావులు ఆగలేదు. నాకు ఈ రిమోట్ పనిలో అన్నిటికంటే ప్రియమైనది ఇదే. మూత తెరవకుండా, ఎవరూ వంగి చూడకుండా, లోపల ఎంత మురుగు ఉందో పైనుంచి తెలుస్తుంది. ఎక్కడ పూడుకుందో తెలిస్తే మనిషికి బదులు, నీళ్లు గట్టిగా చిమ్మి పూడిక తీసే జెట్టింగ్ మిషన్‌ని పంపొచ్చు. మీరు చదువుకున్న చదువు ఒక మనిషిని ఆ గుంటలోకి దిగకుండా ఆపితే అంతకంటే ఏం కావాలి?

సిగ్నల్ పోయింది, సిగ్నల్ అబద్ధం చెప్పింది, ఇవి చూశాం. వేరేవాడు మన గొంతుతో మాట్లాడితే?

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం, మరూచీ షైర్ అనే ప్రాంతం. అక్కడి మురుగు వ్యవస్థలో 142 పంపింగ్ స్టేషన్లు, అన్నీ రేడియోతో నడిచేవి. 2000 సంవత్సరం మొదట్లో వింతలు మొదలయ్యాయి. పంపులు తిరగాల్సినప్పుడు తిరగవు, అలారాలు రావు, కేంద్రానికి స్టేషన్లతో మాటలు తెగిపోతాయి. ఇంజనీర్లు మొదట పరికరాల్లో లోపమనుకున్నారు. రేడియోలో వెళ్లే ప్రతి మాటనీ రికార్డు చేసి చూస్తే అర్థమైంది, ఎవరో బయటి నుంచి పంపింగ్ స్టేషన్ పేరు పెట్టుకుని ఆజ్ఞలు ఇస్తున్నారు. ఆ పరికరాలు బిగించిన కాంట్రాక్టు సంస్థలో పనిచేసి మానేసిన విటెక్ బోడెన్ అనే వ్యక్తి చేసిన పని అది. ఆ మురుగు వ్యవస్థని నడిపే స్థానిక కౌన్సిల్లో ఉద్యోగం అడిగాడు, ఇవ్వలేదు. ల్యాప్‌టాప్, రేడియో కారులో పెట్టుకుని తిరుగుతూ పంపుల్ని తారుమారు చేశాడు. ఏప్రిల్లో పోలీసులు కారు ఆపి పట్టుకున్నారు. ఆలోపు సుమారు 8 లక్షల లీటర్ల శుద్ధిచేయని మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి, ఒక పెద్ద హోటలు ఆవరణలోకి పోయింది. వాగు నల్లబడింది, చేపలు చచ్చాయి. 2001లో అతనికి రెండేళ్ల జైలు పడింది.

ఆ రేడియోలు ఎవరు మాట్లాడుతున్నారని అడగలేదు. భాష తెలిస్తే చాలు, విన్నాయి. మీ పెట్టెలు అలా ఉండకూడదు. ప్రతి పెట్టెల జంటకీ వేరే తాళం, అంటే రహస్య సంకేతం ఉండాలి. ప్రతి మాటకీ వరస నంబరు ఉండాలి, నిన్నటి మాటని ఎవరైనా రికార్డు చేసి ఇవాళ వినిపిస్తే చెల్లకూడదు. పెట్టెతోపాటు కంపెనీ ఇచ్చే 1234 లాంటి పాస్‌వర్డు మొదటిరోజే మార్చాలి. పని మానేసినవాళ్ల నంబర్లు ఆ సాయంత్రమే తీసేయాలి. కోపంతో వెళ్లినా, నవ్వుతూ వెళ్లినా.

డ్యాం గేట్ల గురించి కొద్దిగానే చెప్తాను, ఆ పని నేను చేయలేదు కాబట్టి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంకున్న 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి మార్గదర్శకత్వంలో, నీళ్లు పారుతుండగానే, వారంలో అక్కడ స్టాప్‌లాగ్‌లు, అంటే గేటు బదులు అడ్డంగా పేర్చే పలకలు దింపారు. ఎంత మంచి కంట్రోల్ రూము ఉన్నా తెగిన గొలుసుని తెరమీద బాగుచేయలేం. తుప్పుని చేత్తో తడిమి చూసేవాడు కావాలి, గ్రీజు పెట్టేవాడు కావాలి. గేటుకి సిగ్నల్ పోతే ఏం చేయాలని నన్నడిగితే, ట్యాంకు జవాబూ కాదు, సంపు జవాబూ కాదు. ఉన్నచోటే ఆగాలి, మనిషిని పిలవాలి. కింద ఊళ్లున్నాయి, బట్టలుతికేవాళ్లున్నారు, పశువులున్నాయి. అక్కడ పెట్టె ఒంటరిగా నిర్ణయం తీసుకోకూడదు.

సరే, ఇక బల్ల దగ్గరికి వద్దాం. (మోటారు ఆన్ చేస్తారు.) పైడబ్బాలో నీళ్లు పడుతున్నాయి, కనపడుతోందా? ఇక్కడ గుండెచప్పుడు పది సెకన్లకి పెట్టాను. మూడు తప్పితే ఆగాలి. యాంటెన్నా తీస్తున్నా. ఎవరైనా గడియారం చూడండి. పది... ఇరవై... ముప్పై. ఆ "టక్" విన్నారా? అది మోటారుకి కరెంటు ఇచ్చే స్విచ్చి, కాంటాక్టర్, పడిన శబ్దం. డబ్బా ఇంకా సగమే ఉంది, పొర్లలేదు.

ఇప్పుడు యాంటెన్నా మళ్లీ పెట్టి, ఈ స్విచ్చి మురుగు వైపు తిప్పాను. ఇప్పుడు ఈ బకెట్టే సంపు. మళ్లీ తీస్తున్నా. పది... ఇరవై... ముప్పై... నలభై. ఆగలేదు చూడండి. బకెట్లో ఫ్లోటు తేలుతున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది.

మూడో బెంచీలో నీలం చుడీదార్ అమ్మా, నువ్వు రా తల్లీ. నీకు స్క్రూడ్రైవర్ ఇస్తాను, ఒక ప్లాస్టిక్ కవరు ఇస్తాను, ఒక దారం ముక్క ఇస్తాను. ఈ ఫ్లోటుని ఎలా అంటే అలా మోసం చెయ్యి. కట్టెయ్యి, ముంచు, ఇరికించు. ఇది ఎక్కడ పడిపోతుందో కనిపెట్టు. మిగతావాళ్లు చుట్టూ రండి, తోసుకోకుండా. తడి చేతులు మాత్రం ఈ ప్లగ్గు దగ్గరికి రానివ్వకండి.